హవక్క బతికే ఉన్నది

కామాఠీపురాలో మా గల్లీలో ఎవరైనా పోతే ముందు కబురు వెళ్లేది వజ్రమ్మకు. డాక్టరు ఆ తర్వాతే. ఆమె ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ల పేరు, తనకు ఏమవుతారన్నది తెలియనిదే నోరు విప్పదు. వరస కలిపాక, వాళ్లు వండిన కూరల నుంచి పడిన అలకల దాకా రాగం తీసి చెబుతుంది. అత్తను తిట్టుకుంటూ వచ్చిన కోడళ్లు కూడా కొంగు తడుపుకొని వెళ్తారు. మిగతా రోజుల్లో ఇళ్లలో గిన్నెలు తోముతుంది, ఎక్కువ మాట్లాడదు.

కింది అంతస్తులో ఉండే శంకర్రావు మనవడు అతుల్ హిందీలో పాటలు కట్టి ఫోన్లలో వదులుతుంటాడు. సూడాన్‌లో జనం తిండి లేక చనిపోతున్నారని ఒక పాట కట్టాడు. వినేవాళ్లు కదలాలంటే మధ్యలో ఒక ఏడుపు ఉండాలని వజ్రమ్మను వర్లిలోని రికార్డింగు గదికి తీసుకుపోయాడు. తోడుగా నేనూ వెళ్లాను.

“ఎవరు పోయిన్రురా?” అని అడిగింది వజ్రమ్మ.

“లక్షల మంది, ఆజీ.” ఆజీ అంటే మరాఠీలో అమ్మమ్మ. మేముండే చాల్‌లో, ఆ వరస గదుల మేడలో, పిల్లలందరికీ ఆమె ఆజీయే.

“లక్షల మందిని ఏమని పిల్వాలె? ఒక్కరి పేరు చెప్పు.”

అతుల్ ఫోనులో వెతికి హవా అనే ఆడమనిషి పేరు చదివాడు. వయసు అడిగి, తనకంటే పెద్దదని తేల్చుకొని, వజ్రమ్మ ఆమెను అక్కను చేసుకుంది. “ఓ హవక్కా, పొయ్యి సల్లారెనే, యాడికి పోతివే” అని ఎత్తుకునేసరికి రికార్డింగు మీటల ముందు కూర్చున్న మనిషి కళ్లు తుడుచుకుంటూ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఏడ్చాక స్నానం చేయనిదే ఇల్లు చేరకూడదు. అక్కడ స్నానాల గది లేదు. కార్లు నిలిపేచోట కూర్చోబెట్టి, తాగునీళ్ల డబ్బా ఆమె నెత్తిన కుమ్మరించి, తడిచీరతోనే బస్సెక్కించాం.

పాట పాకిపోయింది. పెళ్లి ఊరేగింపుల్లో ఆ ఏడుపుకు డోలు కలిపారు. ఫాక్‌లాండ్ రోడ్డు పొడవునా “హవక్కా” అని అరుస్తూ ఎగిరారు. వజ్రమ్మ అదేదీ పట్టించుకోలేదు. అక్కకు పదో రోజు అన్నం పెట్టుకోవాలని, ఫోటో చూపించమంది.

ఫోటోలో ఒక ముసలామె ఖాళీ గిన్నెతో అన్నం కోసం వరసలో నిలబడి ఉంది.

“నిలవడ్డదేందిరా?”

“సచ్చిపోయిందని నేనెప్పుడన్న, ఆజీ? నువ్వు పేరడిగితివి, నేను చెప్పిన.”

ఆ పూట వజ్రమ్మ ముద్ద ముట్టలేదు. ఎవరి నెత్తినైనా కాకి తన్నితే, ఆ మనిషి పోయారని చుట్టాలకు కబురంపి ఏడిపించడం మాలో ఉంది. ఏడ్చినవాళ్లకు మళ్లీ ‘బతికే ఉన్నారు’ అని చెబితే గండం తప్పుతుంది. చెప్పకపోతే ఆ ఏడుపు నిజమవుతుంది. హవక్క కోసం ఏడ్చినవాళ్లకు ఆ మాట ఎవరు చెప్పారు?

తానే చెప్పింది. పక్క గల్లీ మయూరి పెళ్లి ఊరేగింపులో డీజే బండెక్కి మైకు లాక్కుంది.

“ఏడ్సినోళ్లంత ఇనుండ్రి. హవక్క బతికే ఉన్నది.”

ఏడ్చినవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఈలలు వేశారు. అతుల్ ఆ ముక్కను పాట చివర అతికించాడు. ఇప్పుడు జనం ఎక్కువగా ఎగిరేది దానికే.

వజ్రమ్మకు నిమ్మళం కలగలేదు. “బతికున్నదని నేనంటి. తిననిది ఎన్నాళ్లు బతుకుతది? నా మాట అబద్ధమైతది” అని, పాట మోగిన ప్రతి పెళ్లిలోనూ ఎగిరినవాళ్ల దగ్గర పిడికెడు బియ్యం అడగడం మొదలుపెట్టింది. సంచి నిండింది. అతుల్ ఒక సహాయ సంస్థకు ఫోన్ చేశాడు. బియ్యం పుచ్చుకోరట, డబ్బే పంపాలట.

“హవక్క పైసలు వండుకుంటదా? మళ్ల అడుగు” అంది.

ఆ బియ్యం పంపే దారి కోసం అతుల్ పాటలు పక్కనపెట్టి ఓడలు నడిపే ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

సంచి మా అంతస్తు వరండాలోనే ఉంది. నీళ్ల బిందెలతో ఒరిగి నడవాలి. జ్వరంతో వజ్రమ్మ కొన్నాళ్లుగా పనికి పోవడం లేదు. మొన్న సాయంత్రం గిన్నె పట్టుకొని, ఆ సంచిని దాటుకొని వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది.

“అన్నా, సోలెడు బియ్యం సర్దు. పనికి పోయినంక ఇస్త.”

నేను సంచి వైపు చూశాను.

“అవి హవక్కవి” అంది.