షల్మత్ అవ్వ లేచే వేళ

ఎదెస్సా పట్నంలో ఇప్పుడు మా ప్రార్థన మందిరానికి ఒంటెలబారు పట్టేంత తలుపులు. షల్మత్ అవ్వకు మాత్రం తలుపు కాపలా అలవాటు పోలేదు. వచ్చినవాళ్ల చెప్పులు చూసి మనిషిని పోల్చుకుంటుంది, దీపాల నూనె అంటిన చేతులు చెంగుకు తుడుచుకుంటూ "సమాధానం కలుగుగాక" అంటుంది. క్రీస్తు పేరెత్తితేనే ప్రాణం పోయే ఆ రోజుల్లో ఆమె ఇంటి లోపలి గదిలోనే దొంగచాటుగా చేరేవాళ్లం. ఎంత ఇరుకో, ఎంత వెచ్చనో! ప్రభువు పేర రొట్టె విరిచి పంచుకునేముందు, నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాళ్లు బయటికి పోవాలి. ఆమె ముందుగా సాగనంపేది మొగుడు గర్మైనే. "ముంచితే పాపాలన్నీ పోతాయటగా! ఇంకాసిని కూడబెట్టుకుని మునుగుతాలేవే" అని నవ్వుతూ వెళ్లి గడపమీద కూర్చునేవాడు. ఓనాడు సైనికులొచ్చారు. "లోపల మా ఆవిడ చుట్టాలు భోంచేస్తున్నారు" అని అడ్డం నిలబడ్డాడు. మేం పెరటిదారిన బయటపడ్డాం. అతణ్ని పట్టుకుపోయారు. తిరిగి రాలేదు.

మొన్న ఆదివారం కొత్త పరిచారకుడు "బాప్తిస్మం లేనివాళ్లు బయటికి వెళ్లండి" అనగానే, ఎప్పటిలాగే అవ్వ లేచింది.

"నువ్వెక్కడికవ్వా? నీది మా తాతలనాటి బాప్తిస్మం!"

"తెలుసులే నాయనా" అంది మోకాళ్లు పట్టుకుని గడపవైపు నడుస్తూ. "అన్నేళ్లూ ఆయన్ని ఒక్కణ్నే పంపాను."