ఫ్యూజక్క తేల్చేసిన రెండో పేజీ

విద్యుత్ శాఖలో ఇరవయ్యారేళ్ళుగా ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్న ఆమెను ఆ వసతిగృహం అమ్మాయిలంతా ఫ్యూజక్క అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటున. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ లోలోపల మురిసిపోయేది.

ముప్పయ్యేళ్ళ కిందట తనూ ఆ మూడంతస్తుల ఇంట్లోనే ఉండి చదువుకుంది. కాలేజీ వాళ్ళ ఇల్లు. పద్నాలుగు మంది అమ్మాయిలు తామే వండుకుని, తామే ఊడ్చుకుని ఉంటారు. అలాంటి ఇళ్ళకు ఒక్కో పాత విద్యార్థి సలహాదారుగా ఉండాలని పూర్వ విద్యార్థుల సంఘం అడిగినప్పుడు, అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆమే. నెలకోసారి శనివారం పొద్దున వెళ్ళి, ఇల్లు చూసి, రెండు పేజీల కాగితం నింపి పంపాలి. మొదటి పేజీ భద్రత. రెండోది పిల్లల బాగోగులు.

మొదటి పేజీ విషయంలో ఆమెకు వంక పెట్టడం ఎవరితరమూ కాదు. మెట్ల కింద సైకిలు కనపడితే ఇల్లు పీకి పందిరేసేది. పొగ పసిగట్టే గంటలను కుర్చీ ఎక్కి తానే నొక్కి చూసేది. ఒకసారి వంటగది గోడకు అరచెయ్యి ఆనించి, "లోపల తీగ వేడెక్కుతోంది" అంటే పిల్లలు నవ్వారు. గోడ తవ్విన ఎలక్ట్రీషియన్ నవ్వలేదు. రెండో పేజీని మాత్రం కారులో కూర్చుని, స్టీరింగు మీద పెట్టి, "అందరూ బాగున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఆ చలికాలం రెండో అంతస్తు చివరి గదిలో ఫార్మసీ చదివే అమ్మాయి ఉండేది. నెమ్మదస్తురాలు. ఫ్యూజక్క వెళ్ళేసరికి గది అద్దంలా ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి, కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు.

ఆమె చూపు గోడవార ఉన్న రూమ్ హీటరు మీద పడింది. ప్లగ్గు ఊడబెరికి చూస్తే అంచులు కమిలి ఉన్నాయి.

"ఇదేంటమ్మా, రోజంతా వేసే ఉంచుతున్నావా?"

"అవునక్కా."

"క్లాసులకు వెళ్ళేటప్పుడైనా ఆపొద్దూ?"

ఆ పిల్ల కిటికీ దగ్గరి కుర్చీ ఒకటి ఆమె వైపు జరిపింది. తర్వాత, "అక్కా, ఒక్క ఐదు నిమిషాలు కూర్చుంటారా?" అంది.

"కూర్చుందాంలే, ముందు దీని పని పట్టనీ. ఇల్లు తగలబడితే కూర్చోడానికి కుర్చీ కూడా మిగలదు!"

తన జోకుకు తానే నవ్వుకుని కిందికి దిగింది. కొత్త ప్లగ్గు తెచ్చి బిగించేసరికి పన్నెండు దాటింది. "వచ్చే నెల తీరిగ్గా మాట్లాడుకుందాం" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోయింది.

మరుసటి నెల ఆ గది ఖాళీగా ఉంది. వంటగదిలో కూర తరుగుతున్న అమ్మాయి సంగతి చెప్పింది.

"తను నెలన్నరగా క్లాసులకే వెళ్ళలేదట అక్కా. అన్నం గదిలోకి పట్టుకెళ్ళేది, తింటోందనుకున్నాం. కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చేర్చాం. వాళ్ళ నాన్నొచ్చి తీసుకెళ్ళిపోయారు. చదువు మానేసింది."

ఆమె కారులోకి వచ్చి పాత కాగితం నకలు తీసింది. మొదటి పేజీలో తన చేతిరాత: "చివరి గది. హీటరు ఆపకుండా వాడుతున్నారు. ప్రమాదం." ఎవరూ లేని గదిని ఎవరైనా వెచ్చబెట్టుకుంటారా? పిల్ల గడప దాటడం లేదని ఆ కమిలిన ప్లగ్గు మొత్తుకుంటూనే ఉంది. గోడ లోపలి తీగను పసిగట్టిన తనకు, ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కనపడలేదు. 

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తేలక ఆరు వారాలు గడిపింది. చివరికి ఆ పిల్లను చూడ్డానికి వెళ్ళింది. తండ్రిది కళ్ళద్దాల దుకాణం. ఆ పిల్ల బల్ల వెనక ఫ్రేములు తుడుస్తోంది. మొహం కాస్త తేరుకుంది.

"తప్పు నాదేనమ్మా. నువ్వు కూర్చోమన్నావు, నేను కూర్చోలేదు."

"అయ్యో, మీ తప్పేముందక్కా" అంది ఆ పిల్ల. చేతిలో ఫ్రేము కింద పెట్టి, "మీరొస్తున్నారని ఆ రోజు పొద్దున్నే లేచి గది సర్దాను. అలా లేచి చాలా రోజులైంది. రెండో కుర్చీ పక్కగది వాళ్ళనడిగి తెచ్చాను" అంది.

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఫ్యూజక్కకు.

"కాలేజీ వాళ్ళతో నేను మాట్లాడతాను. మళ్ళీ చేర్చుకుంటారు."

"వద్దక్కా. ఆ మెట్లు తలుచుకుంటేనే అదోలా ఉంటుంది."

అద్దం అరగదీస్తున్న తండ్రి తలెత్తాడు. "ఆ ఇల్లు చూసుకునే మేడం మీరేనా?"

"నేనేనండి."

ఆయన తల దించుకుని పనిలో పడ్డాడు.

ఫ్యూజక్క ఆ ఇంటికి వెళ్ళడం మానలేదు. ఇప్పుడు వెళ్ళగానే వంటగదిలో కూర్చుంటుంది, పిల్లలు చెప్పింది వింటుంది. ఆ తర్వాత ఇద్దరమ్మాయిలను తానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళు కోలుకుని చదువు పూర్తిచేశారు. సంఘం వాళ్ళు ఆ సంగతి ఎత్తి మెచ్చుకోబోతే మాట మార్చేస్తుంది.

కళ్ళద్దాల దుకాణానికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. రమ్మని ఆ పిల్లా అనలేదు.