పాప పక్క జాగా

చిట్టియ్య పోయిన రోజు పొద్దున, సమాధుల తోటలో గొయ్యి ఎక్కడ తవ్వాలన్న దగ్గర పని ఆగిపోయింది. పాప పక్కనే, అంది అతని పెళ్లాం సూరమ్మ.

పాప అంటే ప్రిస్కిల్లా, వాళ్లకి ఒక్కతే కూతురు. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయింది. పాప ఉన్న రోజుల్లో నరసాపురం చుట్టుపక్కల చేలల్లో గ్యాసు కోసం వెతికే సర్వేవాళ్లు బోర్లు వేసి మందు పేల్చేవారు. ఇంట్లో గిన్నెలు గలగలలాడితే పిల్ల చప్పట్లు కొట్టేది. తర్వాత రిగ్గులొచ్చాయి, కొబ్బరితోటల పైన గ్యాసు మంట లేచింది. ఆ మంట చూపించే సూరమ్మ పిల్లకి అన్నం పెట్టేది. పాప పోయినప్పుడు, పక్కన మా ఇద్దరికీ చోటుంచండి అని మొగుడూ పెళ్లాలు సంఘపెద్దల్ని బతిమాలుకున్నారు. పెద్దలు సరేనన్నారు.

రెండేళ్లకి గ్యాసు గొట్టం ఆ తోటలోంచే వెళ్లింది. సమాధులు లేని జాగా చూసి గుర్తులు పాతారు. పాప పక్కన ఖాళీగా ఉంచిన చోటు కూడా అందులోనే పోయింది. అప్పుడు సూరమ్మ పాలకొల్లులో పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి కాలవలాగా తవ్వేసి ఉంది. తవ్విన కూలీల్లో చిట్టియ్య కూడా ఉన్నాడని తెలిసింది.

"నీకు చేతులెలా ఆడాయయ్యా?" అని ఒక్కసారే అడిగింది. అతను తలొంచుకున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది, బట్టలుతికింది. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

పైగా అతను ఆ గొట్టం కాపలాకే కుదిరాడు. తెల్లారగానే కర్ర పట్టుకుని దాని వెంట నాలుగు మైళ్లు నడవడం. ఆ గ్యాసుకి వాసనుండదు. నీళ్లు నిలిచిన చేలో బుడగలు లేస్తున్నాయేమో, పచ్చగడ్డి ఒక్కచోటే ఎండుతోందేమో వంగి చూసుకోవాలి. పైన ఎవరూ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి మొక్క పీకమన్నందుకు రైతు అప్పాజీగారు, "మీ మావగారు కట్నంలో ఇచ్చిన గొట్టమేంట్రా?" అని నలుగురిలో ఎద్దేవా చేశారు. చిట్టియ్య నవ్వేసి, మొక్కని తనే మోసుకెళ్లి గట్టు అవతల నాటి వచ్చాడు.

ఇప్పుడు తోటలో అక్క పట్టు చూసి, సూరమ్మ తమ్ముడు రమేష్ బాబు గునపం అందుకున్నాడు. "మూడడుగులు తవ్వితే ఏమవుద్దక్కా? గొట్టం ఇంకా కిందుంటది. అడ్డుపడేవాడే పోయాడు కదా."

అప్పుడు ఎజ్రా ముందుకొచ్చాడు. చిట్టియ్యతో పాటు ఆనాడు కూలికెళ్లినవాడు.

"వదినా, ఆ రోజు తవ్వడానికి మిషనొచ్చిందండి. దాని అదురుకి పాప కదిలిపోద్దని అన్నయ్య అడ్డంగా కూర్చున్నాడు. పాప పక్కంతా తనొక్కడే గునపంతో తవ్వాడు. మమ్మల్ని చెయ్యెయ్యనివ్వలేదండి."

ఆయన నాకెందుకు చెప్పలేదని సూరమ్మ అడిగింది.

"గొట్టాన్ని ఆపలేకపోయాను, ఇదొక గొప్పా అన్నాడండి. కాపలా పని కూడా పాప కోసమే. రోజూ ఇక్కణ్ణించే నడక మొదలెట్టేవాడు."

ఆవిడ తమ్ముడి చేతిలో గునపం మీద చెయ్యి వేసింది.

"ఇక్కడొద్దురా. ఆయనొప్పుకోడు."

చిట్టియ్యని తూర్పు గోడ వారన, ఎవరెవరివో సమాధుల మధ్య పెట్టారు.

నవంబరులో సమాధుల పండక్కి సూరమ్మ సున్నం కలిపి తెచ్చింది. ముందు ఆయనకి వేసింది. తర్వాత బకెట్టు పట్టుకుని పాప దగ్గరికి నడిచింది. ఆ రెండిటికీ నడుమ గొట్టం దాటాలి. అక్కడికొచ్చేసరికి బకెట్టు కింద పెట్టి, నడుం వంచి గడ్డి చూసింది. పచ్చగానే ఉంది.