కాపు అని రాసి ఉన్న గేటు

పోయిన గురువారం సాయంత్రం నాలుగూ పది నిమిషాలకి అమెరికాలో, నోవై అనే ఊళ్లో మా తమ్ముడింట్లో కరెంటు పోయింది. ఆ సమయానికి నేనూ వాడూ గరాజ్‌లో ఉన్నాం. చెత్తడబ్బా లోపలికి లాక్కొచ్చి మీట నొక్కితే పెద్ద తలుపు గరగరమంటూ కిందికి దిగింది, అది నేలకి తగలగానే దీపం ఆరిపోయింది. ఇంట్లోకి వెళ్లే తలుపు దానంతటదే తాళం పడే రకం, మరదలు గుడికెళ్లింది, ఫోన్లు రెండూ లోపల సోఫా మీద ఉన్నాయి. చీకట్లో చెరో అట్టడబ్బా మీద కూలబడ్డాం. తలుపు దిగిన ఆ చప్పుడు వింటే నాకు హవాయిలో ఒక గేటు గుర్తొచ్చింది. ఈ దేశంలో కారు తోలడం రాకుండా బతుకుతున్న నా ఈడువాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి అర్థమవుతుందని రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చిన్నప్పుడు ఎవరో బడి మాన్పించారని చెప్పుకోను, నాకే ఇష్టం లేదు. నూజివీడు వైపు మామిడితోటలో వడిసెల పట్టుకుని చిలకల్ని తోలుకుంటూ ఉండటం హాయిగా ఉండేది. తమ్ముడు చదివి డాక్టరయ్యాడు, ఇక్కడి సిటిజెన్ అయ్యాడు, ఏళ్ల తరబడి కాగితాలు నడిపి నన్ను రప్పించుకున్నాడు. మరదలు ఆదివారాలు బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు చెప్పేది. నేను వెనక వరసలో కూర్చుని అ ఆలు దిద్దాను. పిల్లలు నన్ను అంకుల్ అంటూనే నా గుణింతాలకి నవ్వేవాళ్లు. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు పట్టాను. మాటలు రావు గానీ అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివేవాణ్ణి, దారిలో కనపడిన ఏ బోర్డునీ వదిలేవాణ్ణి కాదు. ఆ చదవడమంతా కారు వెనక సీట్లోంచే. పొద్దున్నే ఇంట్లోవాళ్లు డ్యూటీలకి వెళ్లిపోతే సాయంత్రం దాకా నేనూ, కిటికీనూ. చలికాలమంతా ఆ కిటికీ కూడా మంచుతో తెల్లబడి ఉండేది. కడుపుకి లోటు లేదు, మర్యాదకీ లోటు లేదు, కాళ్లకే పని లేదు.

పదేళ్ల కిందట తమ్ముడి కూతురి పెళ్లి హవాయిలో, పెద్ద దీవి మీద, సముద్రం ఒడ్డున ఒక రిసార్ట్‌లో చేశారు. పెళ్లయ్యాక మరో వారం ఉండేట్టు టికెట్లు బుక్ చేశారు. అక్కడా అంతే, గోడ లోపల కొలను, కొలను పక్కన కుర్చీ, కుర్చీలో నేను. మూడో రోజుకి నాకు ఊపిరాడలేదు. పాత సామాన్ల కొట్లో ఒక సైకిల్ చూసి వచ్చాను, దీవి చుట్టూ ఒక్కణ్ణే తిరిగొస్తానని తమ్ముడితో చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. మరదలు నా పక్షాన మాట్లాడితే చివరికి ఒక షరతు పెట్టాడు. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేస్తా, నువ్వు ఎత్తాలి, ఒక్కసారి ఇబ్బందిలో పడ్డావంటే నేనొచ్చి కార్‌లో ఎక్కించుకుంటా, ఇంక జన్మలో ఒంటరిగా వెళ్తానని అడక్కూడదు. సరే అన్నాను. మాటంటే మాటే. ఆ సైకిల్ కొనుక్కుని బయల్దేరాను.

ఆ రెండు రోజుల్లాంటివి నాకు మళ్లీ రాలేదు. రోడ్డుకి ఒక పక్క కాలిన పెనం లాంటి నల్లరాయి, ఇంకో పక్క సముద్రం. ఎదురుగాలికి తొక్కలేక దిగి నడిపించుకుంటూ పోయేవాణ్ణి. ఆకలేస్తే గ్యాస్ స్టేషన్‌లో అన్నం ముద్ద మీద మాంసం ముక్క పెట్టి నల్లటి నాచు చుట్టి అమ్ముతారు, అది తినేవాణ్ణి. రాత్రి ఒక చర్చి వరండాలో పాస్టర్‌ని సైగలతో అడిగి పడుకున్నాను. నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లడం లేదు, నేనే వెళ్తున్నాను. ఆ సుఖం కారున్నవాళ్లకి చెప్పినా తెలియదు.

రెండో రోజు సాయంత్రం కొండవాలులో మామిడి వాసన తగిలింది. ఆ వాసన విషయంలో నా ముక్కు పొరపాటు పడదు. కంచె వెనక మామిడితోట, ఇనప గేటుకి ఒక బోర్డు. కె, ఎ, పి, యు. కూడబలుక్కున్నాను, కాపు. అమెరికా వచ్చాక ఒక ఇంగ్లీషు బోర్డు చదివితే అర్థం తెలిసింది అదే మొదటిసారి. తోట కాపు మీదుంది, వచ్చి కొనుక్కోండని ఎవరో తెలుగువాళ్లు రాసి పెట్టారనుకున్నాను. అప్పుడే గేటు తెరుచుకుని కాయల పెట్టెలతో ఒక బండి బయటికి పోయింది. ఇక అనుమానమేముంది, సైకిల్ నడిపించుకుంటూ లోపలికెళ్లాను. వెనకాల గరగరమంటూ గేటు మూసుకుంది.

లోపల మనిషి లేడు. గేటు పక్కన అంకెల మీటలున్నాయి గానీ ఏ అంకె నొక్కాలో నాకేం తెలుసు. అడవిపందులు దూరకుండా వేసిన కంచె నా తలకంటే ఎత్తుంది. నేనొక్కణ్ణయితే ఎలాగో దూకేవాణ్ణే, సైకిల్ని వదిలి పోలేను. ఇంతలో ఒక నల్లకుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. కాలు కదిపితే గుర్రుమంటుంది, కదపకపోతే నా మొహంలోకి చూస్తుంది. అప్పుడు మోగింది తమ్ముడి ఫోను. చెయ్యి మెల్లగా జేబులోకి పోనిచ్చి ఎత్తాను.

ఎక్కడున్నావన్నయ్యా అన్నాడు. మామిడితోటలో అన్నాను. ఎవరిది అంటే, కాపు అని బోర్డుంది అన్నాను.

"తెలుగువాళ్లా? ఏ ఊరట? ఫోన్ వాళ్లకియ్యి, నేను మాట్లాడతా" అన్నాడు.

మావాడి బలహీనత అదే, తెలుగువాడనగానే ఊరి పేరు కావాలి. సరిగ్గా అప్పుడే రబ్బరు బూట్లు వేసుకుని ఒక ముసలావిడ చెట్ల మధ్య నుంచి వచ్చింది. చూస్తే తెలుగావిడ కాదు. అయినా ఏం చెయ్యాలో తోచక ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను. నమస్కారమండీ, మీదే ఊరండీ అని తమ్ముడి గొంతు నాకు వినపడుతూనే ఉంది. ఆవిడ ఇంగ్లీషులో ఏదో చెప్పి ఫోన్ నాకిచ్చింది. మీవాడొకడు లోపలికి రావద్దని రాసిన గేటు దాటి నా తోటలోకొచ్చాడు అందని తమ్ముడు నాకు చెప్పాడు. హవాయివాళ్ల భాషలో కాపు అంటే అదట, నిషేధం.

వస్తున్నా, కదలకు అన్నాడు తమ్ముడు.

నేను బోర్డు చూపించి, మా తెలుగులో దీనికి అర్థం ఇదీ అని చెట్టునున్న కాయలు చూపించి సైగలతో చెప్పాను. ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నన్ను అంకుల్ అంది, తనని ఆంటీ అనమంది. అక్కడా మన పిల్లల్లాగే పెద్దవాళ్లని అలాగే పిలుచుకుంటారట. ఒక కాయ కోసిపెట్టింది, మా రసాల ముందు అదేపాటిది గానీ తిన్నాను. అంకెలు నొక్కి గేటు బార్లా తెరిచి, వెలుతురుండగానే వెళ్లు అంకుల్ అని సైగ చేసింది.

గేటు తెరిచే ఉంది. ముందు దీవి సగం పైగా మిగిలే ఉంది. కుక్క కూడా నన్నొదిలేసి చెట్టు కింద పడుకుంది. నేను మాత్రం సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఆ గేటు మధ్యలోనే, తమ్ముడి కారు దీపాలు మలుపు తిరిగే దాకా నిలబడ్డాను. సైకిల్ కార్‌లో పట్టలేదు, ఆంటీకే ఇచ్చేశాను. ఆ తర్వాత ఒంటరిగా వెళ్తానని నేను మళ్లీ అడగలేదు.

ఇక్కడికొచ్చాక ప్రతి పార్టీలో, మా అన్నయ్య చదువు చూశారా అని తమ్ముడు ఈ కథ చెప్పేవాడు, అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. తోట కాపుకొస్తే చిన్నప్పుడు నేను చేసింది కాపు కాయడమేగా, లోపలికొచ్చినవాణ్ణి తరమడమేగా. నేను చదివింది తప్పేం కాదు.

ఇప్పుడు తమ్ముడికీ చూపు మందగించింది. పోయిన ఏడు కారు తాళాలు కూతురికి ఇచ్చేశాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా కిటికీ దగ్గర ఇప్పుడు రెండు కుర్చీలు. గురువారం ఆ చీకటి గరాజ్‌లో వాడు ఉన్నట్టుండి అడిగాడు, గేటు తెరిచే ఉంది కదా అన్నయ్యా, ఎందుకు వెళ్లిపోలేదు అని.

నువ్వు వస్తున్నానన్నావు కదరా అన్నాను.

వెళ్లిపోవాల్సింది అన్నాడు.

మా తల మీద ఎర్ర తాడు వేలాడుతోంది, కరెంటు లేనప్పుడు దాన్ని లాగితే తలుపు చేత్తో లేస్తుంది. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మరదలి కారు చప్పుడయ్యేదాకా ఇద్దరం లాగలేదు. ఇదివరకు ఇంట్లో ఎదురుచూసేవాణ్ణి నేనొక్కణ్ణే, తలుపులు తీసేవాడు వాడు. ఇప్పుడు తీసేవాళ్లు వేరే ఉన్నారు.

ఆ రోజు ఆ గేటు దగ్గర ఉన్నది నేను, ఆంటీ, ఆవిడ నల్లకుక్క, నా సైకిల్, చీకటి పడ్డాక వచ్చిన మా తమ్ముడు.