రెప్ప పడాలట

మా అమ్మ పేరు మీద ఊళ్ళో ఎకరన్నర భూమి ఉంది. నాన్న పోయాక చిన్నాయన దాన్ని కలుపుకోబోతే, అమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగి, నానా మాటలు పడి, పట్టా తన పేర చేయించుకుంది. సర్కారు రైతులకిచ్చే పైసలు ఖాతాలో పడ్డాక, నేను ఊరికి పోయినప్పుడల్లా ఫోనిచ్చి ఆ మెసేజ్ చదివించుకునేది. పెద్ద మొత్తమేం కాదు. "సర్కారే నా పేరు రాసుకున్నది, ఇగ ఎవడేమంటడు" అని మురిసిపోయేది. ఆ పైసలు పడుతున్నంత కాలం భూమి తనదేనని ఆమె ధైర్యం.

నిరుడు అమ్మకు మూతి వంకర పోయింది. నాకు అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే షాపుంది, నా దగ్గరికే తెచ్చుకున్నాను. పంజాగుట్టలో పెద్దాసుపత్రికి ఎన్ని సార్లు తిప్పానో. మూతి కొంత సర్దుకుంది గానీ ఎడమ కన్ను మూతపడటం మానేసింది. నిద్రలో కూడా తెరిచే ఉంటుంది.

అప్పుడే పైసలు ఆగాయి. రైతు బతికే ఉన్నట్టు మళ్ళీ రుజువు చూపాలట, లేకపోతే పేరు తీసేస్తారట. షాపు మూసి, అమ్మను ఆటో ఎక్కించి, బల్కంపేట దారిలో ఉన్న ఆన్‌లైన్ సెంటర్‌కు తీసుకుపోయాను. సెంటర్ నడిపేది నా ఈడు మనిషే. ముందు వేలిముద్ర అన్నాడు. పెళ్ళైన కాడి నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు, గీతలు మిగిలితే కదా! పది వేళ్ళూ పెట్టించాడు, ఒక్కటీ పడలేదు. ఫోన్‌కు నంబర్ పంపుదామంటే, బ్యాంకులో అమ్మ నంబరే ఉంది గానీ ఆధార్‌కు కలిపి ఉన్నది నాన్న పాత సిమ్ము. ఆయనా లేడు, అదీ లేదు.

"ఫికర్ చెయ్యకు అక్కా, ముఖం చూపిస్తె అయిపోతది" అని అమ్మ ముందు ఫోన్ పట్టాడు. కళ్ళు ఆర్పమని తెర మీద వచ్చింది. ఫోటో పెట్టి మోసం చేస్తారని ఈ ఏర్పాటట. అమ్మ ఆర్పింది. కుడి రెప్ప పడింది, ఎడమది పడలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ఆర్పింది. నీళ్ళు కారాయి గానీ రెప్ప కదల్లేదు.

"జర గట్టిగ ఆర్పు అమ్మా," అన్నాడాయన.

"గట్టిగనే ఆర్పుతున్న కొడుకా, అది ఇంటలేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఏందన్నా గిది? ఎదురుంగ కూసొని మాట్లాడుతుంటె బతికున్నదని తెలుస్తలేదా? నువ్వే రాయి, చూసిన్నని!"

"నేను రాస్తె నడవదక్కా. రెప్ప పడాలె."

దేవుడు కరుణించినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా లేడు, దిక్కుమాలిన ఫోను ఒకటుంది. చివరికి ఆయనకే జాలేసి, "పోనీ నువ్వే చేత్తోని రెప్ప కిందికి అని, దబ్బున తియ్యి అక్కా" అన్నాడు.

నేనేమీ ఆలోచించలేదు. అమ్మ నుదుటి మీద చెయ్యి ఆనించి, రెండు వేళ్ళతో రెప్పను కిందికి జరిపాను. ముఖానికి ఏదో అడ్డం వచ్చిందని ఫోన్ ఒప్పుకోలేదు. ఇంకోసారి జరిపాను. మూడోసారి జరపబోతుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నేను పోయిన్నాడు ఎట్లయిన మూస్తవు. గప్పుడు మూద్దువు."

చెయ్యి తీసేశాను. ఏం చేస్తున్నానో నాకు అప్పుడు గానీ తెలియలేదు. ఆటోలో ఆమె ముఖం చూడలేకపోయాను.

వారం తిరక్కముందే చిన్నాయన ఫోన్ చేశాడు. పైసలు పడట్లేదని ఎట్లా తెలిసిందో, పొలం బీడు పడుతుంది, నేను దున్నుకుంటా అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టబోయాను. పక్కనే జాకెట్లకు హుక్కులు కుడుతున్న అమ్మ తల కూడా ఎత్తలేదు.

"దున్నుకొమ్మను" అంది. "సర్కారు కాడనే నేను లేనాయె, ఆని కాడ ఉంటనా?"