పురాణ పీఠమెక్కిన యుద్ధనౌక

సముద్రం కనుచూపు మేరలో లేని మాన్వి తాలూకాలో, వరి మడుల మధ్య, నేనొక బ్రిటిష్ యుద్ధనౌకను ముంచాను. శత్రువుల వల్ల కానిది నా నోటి వల్ల అయింది. వినండి, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

వలస వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న మా క్యాంపు ఊరి గుడిలో పురాణ సప్తాహం జరుగుతోంది. మూడో రోజుకే గురువుగారి గొంతు పోయింది. శిష్యుణ్ణని నన్ను పీఠమెక్కించి, తాను పక్కన కూర్చున్నారు. ఈ పూట గట్టెక్కితే వచ్చే నెల పక్కూరు కవితాళలో జరిగే సప్తాహం నాదేనని ముందే మాటిచ్చారు. అప్పటికి ఇరవై రెండేళ్ల మహాజ్ఞానిని కదా, చేతిలో ఉన్న పురాణం చాలదనిపించింది. దేహం అశాశ్వతమని చాటడానికి, ఫోన్‌లో చదివిన, క్షిపణులు మోసే ఒక బ్రిటిష్ యుద్ధనౌక కథ ఎత్తుకున్నాను.

నీళ్లలోకి దించిన రోజు శుభమని దాని ముక్కుకు సారా సీసా పగలగొట్టడం, కడుపు నిండా క్షిపణులు నింపడం, ఏళ్ల తరబడి సముద్రాల్లో కాపలా కాయడం... కాలువ నీళ్ల తగాదాలు కూడా మరిచి విన్నారు జనం. "చివరికి ముసలిదైందని కొలువులోంచి తీసేసి, తుక్కుకు అమ్మి, ముక్కలు ముక్కలుగా కోశారు. ఈ దేహమూ అంతే!" అని దర్జాగా పుస్తకం మూశాను.

ఎవరూ లేవలేదు.

"అదేంటి నాయనా, చావు దగ్గర ఆపేశావ్?" ముందు వరుసలోంచి రమణమ్మగారు అడిగారు. "శుభం పలక్కుండా పుస్తకం మూస్తే ఊరికి అరిష్టం కాదూ?"

పురాణం చెప్పేవాడికి నేర్పే మొదటి పాఠం అదే: ఏ కల్యాణమో పట్టాభిషేకమో, శుభఘట్టం దాకా చదివే లేవాలి. శ్లోకాలన్నీ కంఠతా వచ్చిన నాకు అదొక్కటే గుర్తులేదు.

ఇడపనూరు నుంచి వచ్చిన తిమ్మప్ప మోకాళ్ల మీద లేచాడు. "ఏంది సామీ, గిట్ల సంపి లేస్తవా? రేపు పొలంల నాట్లున్నయి మాకు!"

గురువుగారి వైపు చూశాను. కానివ్వమని చేత్తో సైగ చేశారు.

"ఆ ఇనుము కరిగించి నాగళ్లు చేశారు," అన్నాను.

"అది పోయాక చేసే దినకార్యమయ్యా. మరి పెళ్లెప్పుడైంది దానికి?" అన్నారు రమణమ్మగారు.

"ఓడకు పెళ్లేంటి పిన్నిగారూ?"

"అయ్యో, పెళ్లి కాకుండానే పోయిందా!" రమణమ్మగారు కళ్లకు కొంగు అద్దుకున్నారు. వెంటనే ఆడవాళ్ల వరుసంతా ముక్కులు చీదింది.

ఇక దారి లేదు. "మరుజన్మలో కొత్త ఓడగా పుట్టి, సముద్రుణ్ణి పెళ్లాడింది!" అనేశాను. ఏ పురాణంలో ఉందని మాత్రం అడక్కండి.

"అట్ల జెప్పు!" అన్నాడు తిమ్మప్ప. అక్షతలు వచ్చాయి. మేళం మోగింది. బ్రిటన్ వాళ్లకు కబురైనా లేకుండా వాళ్ల పిల్ల పెళ్లి మా క్యాంపులో జరిగిపోయింది.

అప్పుడు గురువుగారు, ఆ పోయిన గొంతుతోనే, ఒక్కో అక్షరం గీరుకుంటూ పలికారు: "కవితాళకు నేనే వెళ్తాను. గొంతు రాకపోయినా సరే."

భగవంతుని సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను: ఇనుముతో చేసిన ఏ వస్తువునూ ఇక పీఠమెక్కించను. పడవ తప్పనిసరైతే చెక్కది చూస్తాను. అదీ పెళ్లయి, పిల్లాపాపలతో సుఖంగా ఉన్నదైతేనే.