సత్తయ్యగారిని అటకెక్కించాను

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువంటే, లిఫ్టులో నేను ఒక్కణ్ణే ఎక్కినా ఓవర్‌లోడ్ అని మోగుతుందేమోనని భయం. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలాంటి పనికి అదే మంచిది.

దించే ముందు ఒక హెచ్చరిక. నేను పెంచి చెబుతాను. అబద్ధం చెబుదామని కాదు, నోటి అలవాటు. మా గోదావరి వైపు చినుకు పడితే మా నాన్న వరద అనేవారు, నేను ఆయన కొడుకుని. కాబట్టి నా మాటల్లో అంకె కనిపిస్తే మూడుతో భాగించుకోండి. మా ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచీ అలాగే చేస్తోంది, కాపురం సాఫీగానే ఉంది. పైన ఆరేళ్లు అన్నాను. భాగిస్తే రెండు. అదీ నిజం.

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో నా ఉద్యోగం సూచనలు రాయడం. 'ముందు ఈ బొమ్మ నొక్కండి, తర్వాత ఆ బొమ్మ నొక్కండి' అని వాడకందార్లకు చెప్పే పేజీలు. ఇరవయ్యేళ్లకు పైగా రాస్తున్నాను. ఒక్కరు చదివిన దాఖలా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మేం ఉండేది నార్సింగిలో, ఆరంతస్తుల అపార్ట్‌మెంట్. అరవై ఆరు ఫ్లాట్లు (భాగించండి). మాది చివరి అంతస్తు. మా బిల్డింగు నిలబడ్డ నేల సత్తయ్యగారిది. ఇప్పుడు మేం కార్లు పెట్టే చోట ఆయన ఒకప్పుడు జొన్న వేసేవారట. బిల్డరు కట్టాక ఆయన వాటాకి కొన్ని ఫ్లాట్లు వచ్చాయి. కింది అంతస్తులో కొడుకూ కోడలితో ఉంటారు. డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు (ఇది భాగించకండి). నల్లా లైను ఎక్కడ పోతుందో, వాల్వు ఎవరు తిప్పుతారో, ఏ రోజు ఏ రోడ్డు తవ్వుతారో ఆ చుట్టుపక్కల ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తెల్లవారుజామునే లేచి, వాల్వు దాకా నడిచి, టీకొట్టు దగ్గర నాలుగు మాటలు విని, తిరిగొచ్చి సరిగ్గా ఐదూ పదికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవారు. బిల్డింగు గ్రూపులో వాయిస్ మెసేజీలు పెట్టకూడదని మా కమిటీ నిషేధం. అందుకని కొడుకు ఆయనకు ఒక జాబితా కట్టిచ్చాడు. ఆయన ఒకసారి మాట్లాడితే చాలు, అది ఇంటింటికీ విడివిడిగా చేరుతుంది.

"అందరికి శనార్థి. సత్తయ్యను మాట్లాడుతున్న. ఇయ్యాల నల్లా ఏడింటికే బందైతది, బకెట్లు నింపుకోండ్రి. చౌరస్త కాడ రోడ్డు తవ్విండ్రు, గచ్చిబౌలి పొయ్యేటోళ్లు సర్వీస్ రోడ్డుకెళ్లి పోండ్రి. మూడో అంతస్తు మేడం, మీ చీర గాలికొచ్చి మా కిటికి మీద పడ్డది, మడత పెట్టి ఉంచినం. ఇగ ఉంటా."

ఇదీ వరస. దాదాపు రోజూ. ఐదూ పదికి బిల్డింగు మొత్తం ఒకేసారి టింగుమనేది. ఆ దెబ్బకు నార్సింగి పావురాలు లేచి కోకాపేట టవర్ల మీద వాలేవి. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీవాళ్లు వెనకెవరో హారన్ కొట్టారని పక్కకు జరిగేవారు. నా నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక నా పాపం దగ్గరికి వస్తాను. వచ్చేశాను. ఒక్క నిమిషం.

ఆ రోజుల్లో మా బిల్డింగులో అందరికీ ఒకటే జబ్బు, ఫోను. అన్నం తెచ్చే యాప్ 'ఆకలిగా ఉందా' అని గంటకోసారి అడిగేది. అడగని బ్యాంకు అప్పు ఇస్తానని వెంటపడేది. ఆఫీసు మెసేజీలు పెళ్లి ముహూర్తంలో కూడా వచ్చేవి. నాలుగో అంతస్తు కుర్రాడి ఫోను వైబ్రేట్ అయ్యీ అయ్యీ బల్ల మీద నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయి సాంబారు గిన్నెలో పడింది. నేను సెట్టింగుల మనిషిని కదా, ఆదివారాలు సెల్లార్లో కుర్చీ వేసుకుని వైద్యం మొదలుపెట్టాను. ముందు అన్ని యాప్‌ల నోరూ కట్టేయాలి. తర్వాత ఎవరికి అవసరమో వాళ్లకే తెరవాలి. బొమ్మల నెత్తి మీద కూర్చునే ఎర్ర అంకెలు తీసేయాలి. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా ఇంట్లోవాళ్ల కాల్ తప్ప ఇంకేదీ మోగకూడదు. మరీ ముదిరిన కేసులకు తెర రంగులు తీసేసి బూడిద రంగు పెట్టేవాణ్ణి. సాయంత్రానికి మనిషి తేలికపడి, పిల్లల పేర్లు గుర్తొచ్చి ఇంటికెళ్లేవాడు.

మావాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఫోను లాకు తీసి నా చేతిలో పెట్టి, "మీరు చూస్తూ ఉండండి సార్" అని టీకి వెళ్లేవారు. బ్యాంకు లాకర్ తాళం ఇచ్చినా అంత నమ్మకంగా ఇవ్వరు. నేను చూస్తూ ఉన్నాను. చూస్తూ చూస్తూ, ఒక్కొక్కరి ఫోనులో సత్తయ్యగారి పేరు వెతికి, నోరు నొక్కేసి, ఆర్కైవ్‌లో పడేశాను.

ఆర్కైవ్ అంటే అటక. అక్కడ పడేసిన సామానుకు ప్రాణం పోదు, కానీ ఎవరూ దాని మొహం చూడరు. కొత్త మెసేజ్ వచ్చినా అది కిందికి దిగదు, మోగదు. మొదట నా ఫోను. తర్వాత మా ఆవిడ ఫోను, ఆమె కూర తరుగుతుండగా. తర్వాత వరసగా అందరివీ. యాభై ఏడు ఫోన్లు. భాగిస్తే పంతొమ్మిది. మిగిలిన మూడు ఫ్లాట్లకు కిరాయి బోర్డులు వేలాడుతున్నాయి గనుక బతికిపోయాయి.

ఎందుకు చేశాను? నిద్ర కోసమా? నిద్ర కోసమైతే రాత్రి పది, పొద్దున ఏడు అన్న కట్టడే చాలు కదా. ఏడింటికి లేచి విందురు. మరి అటక దేనికి? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసార్లు లేచి మంచినీళ్లు తాగాను. నిజం చెబుతాను. నేను అంతకుముందే 'ఫోనుతో మితంగా బతకడం ఎలా' అని ముప్పై మూడు పేజీల సూచనలు రాసి గ్రూపులో పెట్టాను. లిఫ్టులో ఎవరైనా దాని గురించి మాట్లాడతారేమోనని పనిలేకపోయినా కిందికీ పైకీ తిరిగాను. అందరూ సత్తయ్యగారు చెప్పిన సర్వీస్ రోడ్డు గురించే మాట్లాడుకున్నారు. నా పేజీలకు ఒకే ఒక్క బొటనవేలు వచ్చింది. అది సత్తయ్యగారిదే. కోడలితో చదివించుకున్నారట, "మంచిగ రాసిండ్రు సారూ, జర పొడుగైంది" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారమే నేను మొదటి ఫోను అటకెక్కించింది.

కొన్నాళ్లు బిల్డింగు ప్రశాంతంగా ఉంది. పావురాలు తిరిగొచ్చాయి. తర్వాత ఒక సోమవారం, ఎనిమిదిన్నరకి, నీళ్లు ఆగిపోయాయి. లైను మరమ్మతు, సాయంత్రం దాకా రావు. అందరూ ఆఫీసులకు తయారయ్యే వేళ. రెండో అంతస్తు ఇంజనీరు నురగ మొహంతోనే కెమెరా ఆన్ చేసి మీటింగులో కూర్చుంటే, అవతలి దేశంవాళ్లు క్రిస్మస్ తాత అనుకుని పండగ శుభాకాంక్షలు చెప్పారు. మా ఆవిడ కుంకుడు రసం తలతో బాల్కనీలో నిలబడి మున్సిపాలిటీని, బిల్డరును, నన్ను వరసగా తిట్టింది. ముగ్గురిలో ఒక్కణ్ణి సరిగ్గానే పట్టుకుంది, కానీ తనకా సంగతి తెలియదు.

అందరూ సెల్లార్లోకి దిగారు. సత్తయ్యగారిని చుట్టుముట్టారు. "ఏంటండీ, రోజూ చీరల గురించి చెప్పేవారు, ఇది చెప్పలేదేం" అన్నారు. "చెప్పిన గద, పొద్దుగాలనే చెప్పిన" అన్నారాయన. అందరూ ఫోన్లు తీసి చూశారు. ఎవరి జాబితాలోనూ ఆయన పేరే లేదు. మా సెక్రటరీ గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా, "వయసు కదా, మర్చిపోయినట్టున్నారు లెండి" అన్నాడు. సత్తయ్యగారి కొడుకు తండ్రి మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది. నేను పిల్లర్ వెనక నిలబడి నా ఫోనులో వాతావరణం చూసుకుంటున్నాను.

సాయంత్రం ఆయన మా ఫ్లాటుకు వచ్చారు. చేతిలో ఫోను, దానికి కోడలు కుట్టిన గుడ్డ సంచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, జర నా ఫోన్ సూడుండ్రి. నేను చెప్పిన్నా లేదా?"

చూశాను. ఐదూ పది. నలభై సెకన్ల మెసేజ్. రెండు టిక్కులు. అంటే అందరికీ చేరింది. విన్నట్టు తెలిపే నీలం రంగు మాత్రం ఎక్కడా లేదు. వారాల కొద్దీ వెనక్కి వెళ్లాను. ఎక్కడా లేదు.

"చెప్పారండి" అన్నాను.

ఆయన ఒక పెద్ద ఊపిరి వదిలి అప్పుడు కూర్చున్నారు. "నా కొడుకు దవాఖానకు తోల్కపోతనంటుండు సారూ. మర్శిపోతున్న అంటుండు. నాకే పరేషాన్ అయింది, నిజంగ మర్శిపోయిన్నా అని. మరి చెప్తే ఎవ్వరికెందుకు ఇనవడలే?"

ఒక్క మాట చాలు. నోట్లోనే ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు నేనేమన్నానో వినండి.

"టవర్ సమస్యండి. కింది అంతస్తు కదా, సిగ్నల్ అందదు. కాస్త ఎత్తు నుంచి పంపితే వెళుతుందేమో."

"గట్లనా" అన్నారు. లేస్తూ నా భుజం తట్టారు. "మీరు చెప్పిండ్రు, ఫికర్ పోయింది."

మర్నాడు ఐదు దాటాక మా నెత్తి మీద చెప్పుల చప్పుడు. టెర్రస్. ఆ తర్వాత, స్లాబు అడ్డం ఉన్నా స్పష్టంగా, "అందరికి శనార్థి." టవరుకు వినబడాలని గొంతు పెంచి మరీ. ఫోనులో వచ్చినప్పుడు నలభై సెకన్లలో అయిపోయేది, ఆపుకునే వీలుండేది. ఇప్పుడు ఆయన స్వయంగా వచ్చారు, నా పరుపుకు నిలువునా పైన, ఆపడానికి ఏ బొమ్మా లేదు. నేను వైద్యం చేసి ఒక బిల్డింగు మొత్తాన్ని నిశ్శబ్దం చేశాను, ఒక్క నా పడగ్గది తప్ప.

నవ్వండి. నేనూ మొదట్లో నవ్వాను. కానీ లిఫ్టు ఆరో అంతస్తు దాకే. అక్కణ్ణించి టెర్రస్‌కు మెట్లే, యాభై నాలుగు. భాగిస్తే పద్దెనిమిది. ఆయన మోకాలి నొప్పిని మాత్రం దేంతోనూ భాగించకండి. ఒక్కో మెట్టుకూ ఆగి, గోడ పట్టుకుని, ఏదో అనుకుంటూ ఎక్కడం నాకు తలుపు అవతలి నుంచి వినిపించేది. నేను లెక్కపెట్టేవాణ్ణి. ఎందుకు లెక్కపెట్టేవాణ్ణి? తలుపు తీయడానికి అదో బదులా?

చివరికి ఒక ఆదివారం సిగ్గు విడిచి బయల్దేరాను. ఉచిత సర్వీసింగ్ అని చెప్పి ఇల్లిల్లూ తిరిగి, ఫోను ఫోనూ అడిగి, అటక మీద నుంచి సత్తయ్యగారిని ఒక్కో ఇంట్లో దించాను. మర్నాడు ఐదూ పదికి పంతొమ్మిది ఫోన్లు ఒక్కసారిగా టింగుమన్నాయి, పావురాలు కోకాపేట వెళ్లిపోయాయి, మూడో అంతస్తు మేడం తన చీర అడగడానికి కిందికి పరిగెత్తింది, సెక్రటరీ వెళ్లి ఆయన చేయి పట్టుకున్నాడు.

ఇక్కడ ఆపేద్దామనే కూర్చున్నాను. బాగుంది కూడా. కానీ పెంచి చెప్పడం వేరు, లేనిది చెప్పడం వేరు. పావురాలు, లారీలు, సాంబారు గిన్నె పెంచినవి. ఆ ఆదివారం మాత్రం లేదు. అది నేను అల్లింది. నేను ఎవరి గడపా తొక్కలేదు. ఫోను అడిగితే అటక తెరవాలి, తెరిస్తే ఎవరు పెట్టారని అడుగుతారు. అక్కడే ఆగిపోయాను, రెండేళ్లు.

దించింది ఒక్క ఫోనులో. నా దాంట్లో. ఇప్పుడు రోజూ ఐదూ పదికి అది మోగుతుంది, పైన ఆయన గొంతు, చేతిలో ఆయన గొంతు, రెండూ వింటాను. మొన్న లిఫ్టులో కలిశారు. మతిమరుపు పరీక్షకు దవాఖానకు వెళ్లొచ్చారట. నూటిలోంచి ఏడు ఏడు చొప్పున తీసేసుకుంటూ రమ్మన్నాడట డాక్టరు. "నేను గడగడ చెప్పిన సారూ, పక్కన మా కొడుక్కే రాలే" అని నవ్వారు. తర్వాత ఫోను తీసి చూపించారు. "ఒక్క మీ కాడనే నీలం పడుతుంది. అందరిల మీరొక్కరే ఇంటున్నరు. పెద్ద మనసు సారూ మీది."

నేను సంతోషమండీ అన్నాను. ఆరో అంతస్తులో దిగాను. ఆయన గోడ పట్టుకుని మెట్లవైపు తిరిగారు.

మీకు చెప్పాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. మా ఆవిడకు ఇది తెలిసే భయం లేదు, నేను రాసినవి ఆమె చదవదు. అయినా ఇది రాశాక ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది, ఎంత అని అడక్కండి, అంకె చెబితే మీరు భాగిస్తారు. నాది పోను పద్దెనిమిది ఫోన్లు అటక మీదే ఉన్నాయి. అవి ఇందాకే భాగించేశాను.